రంగూన్ ఓడెక్కిన ఎర్రగడ్డలు

ఈ వారం జమ్మలమడుగు నుంచి ఒక జాబు వచ్చింది. రాసిన సోదరుడి పేరు ఇక్కడ వెయ్యను. వేస్తే ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆయన రాసిన మాటలు మాత్రం మీ ముందు పెడతాను.

"సార్, నటుడు కావాలని హైదరాబాదు పోయినాను. పోయే ముందు తిరుమల కొండ నడిచి ఎక్కినాను. తలనీలాలిచ్చినాను. మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినాను. గుంపులో నిలబడే వేషాలు తప్ప ఏమీ దొరకలేదు. ఉన్న రెండెకరాలు కౌలుకిచ్చి తెచ్చిన డబ్బులు అయిపోయినాయి. మళ్లీ ఇంటికొచ్చినాను. దేవుణ్ణి అంత నమ్మినవాడికి ఇట్లా ఎందుకు కావాల? నమ్మడం దండగేనా? మీరు సినిమావాళ్ల కథలు రాస్తుంటారు గదా, జవాబు చెప్పండి."

జాబు చదివి చాలాసేపు కూర్చున్నాను. వారం వారం ఎవరి సినిమా ఎన్నిరోజులు ఆడింది, ఎవరి కాల్షీట్లు ఎవరికి దొరికాయి అని రాసుకునే నాకు ఇంత బరువైన ప్రశ్నా! "ధైర్యంగా ఉండండి, అంతా మంచికే" అని రెండు ముక్కలు రాసి పంపితే సరిపోయేది. కానీ ఆ 'అంతా మంచికే' అన్న మాట నన్నే ఒకప్పుడు కాల్చింది. అందుకే రాయలేకపోయాను.

కాల్చిన సంగతి చెబుతాను.

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్లకూ పత్తి వ్యాపారానికీ పేరుపడ్డ ఊరు. అట్లాంటి ఊళ్లో మా అమ్మ చేతికి నాలుగు బంగారు గాజులుండేవి. సినిమాలకు కథలు రాస్తానని నేను హైదరాబాదు బయలుదేరినప్పుడు ఆ నాలుగూ కుదువ పెట్టి డబ్బు చేతిలో పెట్టింది. రెండేళ్లకు ఒక నిర్మాత నా కథ ఒప్పుకున్నాడు. ముహూర్తం జరిగింది. టెంకాయ కొట్టారు. ఫోటోలు తీశారు. నేను ఆ ఫోటో ఇంటికి పంపాను. అమ్మ దాన్ని పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టింది. ఒక షెడ్యూలు అయింది. ఆ తర్వాత సినిమా ఆగింది. ఎందుకు ఆగింది అంటే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పారు. నాకు రావలసిన డబ్బు రాలేదు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఊళ్లో దిగాను.

అవి దసరా రోజులు. ప్రొద్దుటూరు దసరా అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. మైసూరు తర్వాత మా ఊరే అని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరి అమ్మవారికి రోజుకొక అలంకారం. వీధులన్నీ దీపాలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. అమ్మ నన్ను బలవంతాన తీసుకుపోయింది. వరసలో నిలబడ్డాం. ముందు అమ్మవారి ఒంటి మీద నగలు ధగధగా మెరుస్తున్నాయి. పక్కన చూస్తే మా అమ్మ చేతులకు రెండు మట్టిగాజులు!

నా నోరు ఊరుకోలేదు. "ఆమెకు ఒళ్లంతా బంగారం. నీకు ఉన్న నాలుగు గాజులూ పాయె. ఇంకా దండం పెడుతున్నావా?" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. "గమ్మునుండు. ముందు దండం పెట్టుకో" అనింది.

ఇంటికొచ్చాక పక్కింటి పెద్దాయన ఒకాయన పరామర్శకొచ్చి, "అంతా మన మంచికే నాయనా" అన్నాడు. ఏం మంచి? ఎవరికి మంచి? నాకు ఒళ్లు మండిపోయింది. కాబట్టి జమ్మలమడుగు సోదరా, నేను నీకు ఆ మాట చెప్పను. మనకు బాగా తెలిసిన మనుషుల కథలు కొన్ని చెబుతాను. వాటిలో ఒకటి మీ వైపుదే.

మన కడప జిల్లా పొట్టిపాడులో 1912లో ఒక పిల్లవాడు పుట్టాడు. బొమ్మిరెడ్డి నాగిరెడ్డి. వాళ్లది ఎర్రగడ్డల వ్యాపారం చేసే కుటుంబం. కోస్తావాళ్లు ఉల్లిపాయలంటారు, మనకు ఎర్రగడ్డలే. మద్రాసులో ఉండి బర్మా దేశానికి ఓడల మీద ఎర్రగడ్డలు పంపేవాళ్లు. ఆ రోజుల్లో రంగూన్ అంటే మనవాళ్లకు పక్క ఊరు లాంటిది. కూలికి పోయేవాడు రంగూన్, వ్యాపారానికి పోయేవాడు రంగూన్. యువకుడైన నాగిరెడ్డిగారు ఆ వ్యాపారంలోనే ఉన్నారు. అది పెరగాలి, ఓడల మీద ఓడలు పోవాలి అన్నదే వాళ్ల లెక్క. సినిమా ఆ లెక్కలో లేదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది మనవాళ్లు కట్టుబట్టలతో బర్మా వదిలి వచ్చారు. అడవుల్లో నడిచి వచ్చినవాళ్లు, దారిలోనే రాలిపోయినవాళ్లు ఎందరో. ఇక ఎర్రగడ్డల గతి చెప్పాలా? నిలవ ఉండే సరుకు కాదది. ఓడ ఆగితే కుళ్లిపోతుంది, రేవు తగలబడితే అడిగే దిక్కుండదు. ఓడెక్కించిన సరుకు మీద పెట్టిన డబ్బు నీళ్లపాలైంది. బర్మా వ్యాపారం మూతపడింది. ఆ ఇంట్లో ఆ రాత్రి అన్నాలు ఎట్లా తిన్నారో ఊహించుకోవచ్చు.

అప్పుడు నాగిరెడ్డిగారు పట్టుకున్నది అన్నగారి అచ్చాఫీసు. అన్నగారంటే మరెవరో కాదు, 'వందేమాతరం', 'సుమంగళి' తీసిన బి.ఎన్.రెడ్డిగారు. పులివెందుల వైపు కొత్తపల్లెలో పుట్టిన మనిషి. బి.ఎన్.కె. ప్రెస్సు బాధ్యత తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. ఓడల లెక్కలు రాసుకున్న చేత్తో అచ్చు కాగితాల లెక్కలు రాసుకున్నాడు. ఆ ప్రెస్సులోంచే 1947 జులైలో 'చందమామ' బయటికి వచ్చింది. మన తరం పిల్లలకు బేతాళుణ్ణి భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి చూపించింది ఆ పత్రికే. 2013 దాకా, అరవై ఏళ్లకు పైగా, అది పిల్లల చేతుల్లో నలిగింది. ఆ తర్వాత విజయా సంస్థ. 1950లో 'షావుకారు', 1951లో 'పాతాళభైరవి', 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్'. వీటి సంగతి మన పాఠకులకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే!

ఈ ప్రయాణంలో ఆయనకు జోడీ చక్రపాణిగారు. ఆయన కథ ఇంకా చిత్రం. తెనాలి మనిషి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. వయసులో ఉండగానే క్షయరోగం తగిలింది. ఇప్పుడంటే మందులున్నాయి. 1930ల నాటికి క్షయకు పనిచేసే మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం, అంతే వైద్యం. మదనపల్లె శానిటోరియంలో చేరాడు. తోటివాడు ఇవాళ ఉంటాడు, రేపు మంచం ఖాళీ. అట్లాంటి చోట ఆయన ఒక బెంగాలీ రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడు! బయటికొచ్చి శరత్‌బాబు నవలలు తెలుగు చేశాడు. శరత్ తెలుగువాడే అనుకునేంతగా చేశాడు. ఆ రాతల వల్లే సినిమాలకు రాయడానికి మద్రాసు పిలుపు వచ్చింది. అక్కడే నాగిరెడ్డిగారితో స్నేహం కుదిరింది. ఒకరికి బాంబు, ఒకరికి క్షయ. రెండు విరిగిన లెక్కలు కలిస్తే విజయా సంస్థ అయింది.

ఇక్కడ ఆపేస్తే కథ సుఖాంతం. "చూశావా సోదరా, ఎర్రగడ్డలు కుళ్లితే మాయాబజార్ వచ్చింది, నీకూ ఏదో వస్తుంది, నమ్ము" అని ముగించి, నాలుగు చప్పట్లు కొట్టించుకోవచ్చు.

కానీ అది నిజాయితీ కాదు. నేను సగం కథే చెప్పినట్టు.

మిగతా సగం వినండి. బి.ఎన్.రెడ్డిగారి వెనక నిలబడి వాహినీ సంస్థకు డబ్బు పెట్టినాయన మూలా నారాయణస్వామిగారు. మన పక్క తాడిపత్రి మనిషి. కళ తెలిసిన ధనవంతుడు. వాహినీ స్టూడియో కట్టడం వెనక ఆయన సొమ్ముంది, ఆయన కలా ఉంది. ఏమైంది? వ్యాపారాలు దెబ్బతిన్నాయి, ఆరోగ్యం చెడింది. 1950లో, ముసలితనం చూడకుండానే కన్నుమూశారు. ఆ స్టూడియో చివరికి నాగిరెడ్డిగారి చేతికి వచ్చి విజయా వాహినీ అయింది. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటని పేరు పొందింది. ఒకరి కల ఇంకొకరి చేతిలో పండింది. మరి నారాయణస్వామిగారి భక్తి తక్కువైందా? ఆయన మంచితనం తక్కువైందా? ఎవరన్నా అట్లా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకాయన పద్మనాభంగారు. పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో 1931లో పుట్టారు. 'పాతాళభైరవి'లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుణ్ణి మరిచిపోగలమా? తెరమీద కనిపిస్తే చాలు, జనం నవ్వేవాళ్లు. సొంతంగా 'దేవత' తీశారు, 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' తీశారు, 1970లో 'కథానాయిక మొల్ల' తీసి బంగారు నంది అందుకున్నారు. ఆ తర్వాత? సినిమాల మీద సంపాదించినది సినిమాల మీదే పోయింది. జనాన్ని కడుపుబ్బ నవ్వించిన మనిషి చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. 2010లో పోయారు.

ఇప్పుడు చెప్పండి. నాగిరెడ్డిగారి ఎర్రగడ్డలు పోవడం దేవుడి దయ అయితే, పద్మనాభంగారి సినిమాలు పోవడం దేవుడి కోపమా? అట్లా లెక్క కట్టడం మొదలుపెడితే దేవుణ్ణి మనం వడ్డీవ్యాపారి గుమాస్తాను చేసినట్టే. ఇంత మొక్కుబడి, ఇంత ఫలం, ఇంత బాకీ... పాపం, ఆయనకు అదేనా పని?

అయితే పద్మనాభంగారి కథలో ఒక మలుపుంది. ఆ 'మర్యాదరామన్న' సినిమా కోసం 1966 డిసెంబరు 15న ఒక కొత్త కుర్రాడు మైకు ముందు నిలబడ్డాడు. ఇంజనీరు కావాలన్నది ఆ కుర్రాడి లెక్క. అనంతపురంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. టైఫాయిడు జ్వరం వచ్చి ఆ చదువు మధ్యలో ఆగిపోయింది. తర్వాత మద్రాసులో మరో దారిన ఇంజనీరింగు చదువుతున్నాడు. పాట పోటీలో అతని గొంతు విన్న సంగీత దర్శకుడు కోదండపాణిగారు పట్టుదలగా ఈ అవకాశం ఇప్పించారు. ఆ కుర్రాడే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా, 2020లో పోయేదాకా, ఆయన పాట లేని తెలుగిల్లు లేదు.

సింహాద్రిపురం మనిషి సినిమా తీయకపోతే, ఆ రోజు ఆ మైకు ముందు ఆ కుర్రాడు లేడు. పద్మనాభంగారి డబ్బు పోయింది, నిజమే. ఆయన వేసిన మొక్క మాత్రం పోలేదు. దాని నీడలో మనందరం కూర్చున్నాం. నాటిన చేతికే పండు అందాలని రూలు లేదు. ఇది చేదు నిజమే, కానీ నిజం.

సరే, మళ్లీ మా ఇంటికి వద్దాం.

దసరా అయిపోయింది. దీపాలు దించేశారు. నేను గడప దాటడం మానేశాను. ఒకరోజు అమ్మ, "పెన్న దాకా పోయొద్దాం రా" అనింది. పెన్న సంగతి మీకు తెలుసు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. ఆ ఇసకలో నడుస్తూ అమ్మ తన చిన్నప్పటి సంగతులు చెప్పింది. ఎండాకాలం ఆడవాళ్లంతా బిందెలు తీసుకుని ఏట్లోకి వచ్చి, చేతుల్తో ఇసక తోడి చెలమలు తీసేవాళ్లంట. మోచేతి లోతు తీస్తే తడి, ఇంకొంచెం తీస్తే నీళ్లు. చిప్పతో తోడి బిందె నింపుకునేవాళ్లు.

"ఏట్లో నీళ్లు లేవని ఏడుస్తూ గట్టు మీద కూచున్నోళ్లు ఎవరూ లేరు. కింద నీళ్లుండాయని మాకు తెలుసు. కాకపోతే మనం కావాలన్న చోట పడవు. ఒకచోట తీస్తే రాయి తగులుతాది, ఇంకోచోట తీస్తాం" అనింది.

నేను ఊరుకోలేదు. నా మనసులో ఉన్నది అడిగేశాను. "నువ్వు అమ్మవారికి రోజూ మొక్కుకున్నావు గదమ్మా, నా సినిమా ఆడాలని. ఆమె వినలేదు గదా?"

అమ్మ నిలబడిపోయింది. నన్ను వింతగా చూసింది.

"సినిమా ఆడాలని నేను ఎప్పుడు మొక్కుకున్నాను రా? నాకు సినిమా గురించి ఏం తెలుసు? ఆడినా ఆడకపోయినా నా కొడుకు మంచిగా ఇంటికి చేరాల తల్లీ అని మొక్కుకున్నా. చేరినావు. ఆమె చేయాల్సింది ఆమె చేసింది. ఇంక నువ్వు చేయాల్సింది నువ్వు చెయ్."

ఏం మాట్లాడగలను? నేను అడిగింది ఒకటి, మా అమ్మ అడిగింది ఒకటి. నాది నెరవేరలేదని నేను అమ్మవారితో అలిగి కూర్చున్నాను. ఆమెది నెరవేరిందని అమ్మ నిశ్చింతగా ఉంది. ఇద్దరం ఒకే వరసలో నిలబడి ఒకే విగ్రహానికి దండం పెట్టాం! తేడా నమ్మకంలో లేదు, అడిగిన దానిలో ఉంది. నేను దేవుడి ముందు నా లెక్క పెట్టి సంతకం చెయ్యమన్నాను. అమ్మ నన్నే పెట్టి కనిపెట్టుకోమంది.

నెల రోజులకు నేను మళ్లీ కలం పట్టాను. కథలు కాదు, వ్యాసాలు. చిన్నచిన్న పత్రికలకు రాశాను. కొన్ని వేశారు, కొన్ని తిరిగొచ్చాయి, కొన్నిటికి డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఈ శీర్షిక నా చేతికొచ్చింది. ఆగిపోయిన సినిమా మళ్లీ మొదలైందా అని అడుగుతారేమో, లేదు. అమ్మ గాజులు విడిపించానా అంటే, అదీ లేదు. ఇంకా కుదువలోనే ఉన్నాయి. నెల నెలా వడ్డీ కడుతున్నాను, అసలు కొంచెం తగ్గింది. ముహూర్తం ఫోటో మాత్రం ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉంది. తీసెయ్యమంటే అమ్మ తియ్యదు. "దాంట్లో నువ్వు నవ్వుతాండావు, ఉండనీ" అంటుంది.

నాగిరెడ్డిగారి గురించి ఇంకొక్క ముక్క చెప్పి ముగిస్తాను. 1980ల మొదట్లో ఆయన తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలికి అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయన చూడాల్సినంత చూశారు. పోయిన ఓడ చూశారు, నిండిన హాళ్లు చూశారు. దేవుడి దగ్గరికి పెద్ద హోదాలో పోయిన మనిషి ఏం చేశారు? ఆయన హయాంలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు రూపు దిద్దుకుంది. ఎండలో వానలో నిలబడే జనం నీడపట్టున కూర్చుని తమ వంతు కోసం చూసే ఏర్పాటు అది. వంతు రావడం మన చేతిలో లేదు. కానీ వంతు కోసం చూసేవాడికి కాస్త నీడ, కాస్త నీళ్లు ఇవ్వడం సాటి మనిషి చేతిలో ఉంది. దేవుణ్ణి నమ్మినవాడు చేయగలిగిన మంచి పని ఇంతకంటే ఏముంటుంది?

జమ్మలమడుగు సోదరా! నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే. నమ్మడం దండగ కాదు. కానీ నమ్మకం అంటే మన ప్లాను పాసవుతుందన్న హామీ కాదు. ప్లాను ఫెయిలైన రోజు కూడా మనం ఒంటరిగా లేమన్న ధైర్యం. నీ వేషం నీకు దొరుకుతుందో లేదో నేను చెప్పలేను. చెప్పేవాణ్ణి నమ్మకు, వాడు నీ దగ్గర డబ్బు తీసుకుంటాడు. కౌలు గడువు తీరాక నీ రెండెకరాలు నీ చేతికొస్తాయి. ఈలోగా ఊళ్లో ఏ పనైనా పట్టుకో. సాయంత్రం ఊరి పిల్లల్ని పోగేసి ఒక నాటకం ఆడించు. కొండ దిగి వచ్చినవాడివి, కాళ్లలో సత్తువ ఉంది. ఒక చెలమలో రాయి తగిలింది, అంతే. ఏరు పెద్దది.

ఎప్పుడైనా ప్రొద్దుటూరు వస్తే మా ఇంటికి రా. మా అమ్మ ఎర్రగడ్డ కారం నూరి, వేడి వేడి జొన్నరొట్టె చేసి పెడుతుంది. ఆమె చేతికి గాజులున్నాయా అని మాత్రం చూడకు. రొట్టె తట్టే ఆ చేతులు చూడు, చాలు.

వచ్చే వారం మళ్లీ సినిమా కబుర్లే. అంతదాకా సెలవు.